గోడ మీది ప్రతి అరబిక్ అక్షరం ఖురాన్ కాదు: ఇస్లామిక్ కళలో రాతకు అంత చోటు ఎలా దక్కింది?

2024 ఫిబ్రవరి 25న లాహోర్‌లోని ఇఛ్రా బజారులో ఒక మహిళను గుంపు చుట్టుముట్టింది. ఆమె వేసుకున్న దుస్తుల మీద అరబిక్ అక్షరాలు అచ్చయి ఉన్నాయి. అవి ఖురాన్ వాక్యాలనీ, ఆమె దైవదూషణ చేసిందనీ కేకలు మొదలయ్యాయి. షెహర్‌బానో నఖ్వీ అనే పోలీసు అధికారిణి జనం మధ్యలోకి వెళ్ళి ఆమెను భద్రంగా బయటికి తీసుకొచ్చారు. తర్వాత మతపెద్దలు చూసి ఆ బట్ట మీద ఖురాన్ వాక్యం ఏదీ లేదని తేల్చారు. దాని మీద ఉన్నది అందంగా, తియ్యగా ఉందని చెప్పే ఒక మామూలు అరబిక్ మాట.

ఉర్దూ బోర్డులు రోజూ చదివే ఊళ్ళోనే ఇంత పొరపాటు జరిగింది. ఇక ఆ లిపి రానివాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. దర్గా గుమ్మం మీదో, మ్యూజియంలో పళ్ళెం మీదో ఆ మెలికల రాత కనిపించగానే ‘ఏదో ఖురాన్ వాక్యం’ అనుకుని ముందుకెళ్ళిపోతాం. చాలాసార్లు ఆ ఊహ నిజమే. చాలాసార్లు కాదు కూడా. అసలు ఒక మత సంస్కృతిలో రాత అంత పెద్ద కళ ఎలా అయింది? ‘బొమ్మలు నిషిద్ధం కాబట్టి’ అని ఠక్కున చెప్పేస్తుంటారు. ఆ జవాబులో కొంత నిజం ఉంది కానీ, దానితో కథ పూర్తి కాదు.

లిపి వేరు, భాష వేరు, గ్రంథం వేరు

ముందు ఈ మూడు ముళ్ళూ విడదీయాలి. అరబిక్ లిపిలో అరబిక్ ఒక్కటే రాయరు. ఫారసీ, ఉర్దూ, సింధీ, కశ్మీరీ, ఉయిగుర్ భాషలు అందులో రాస్తారు. 1928 దాకా తుర్కీ భాషా అందులోనే రాసేవాళ్ళు. కాబట్టి లిపి చూసి భాష చెప్పలేం, భాష చూసి విషయం అసలే చెప్పలేం.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో 10వ శతాబ్దపు గిన్నె ఒకటుంది. ఇరాన్‌లోని నిషాపూర్‌లో తయారైందని చెబుతారు. తెల్లటి పూత మీద అంచు చుట్టూ నిటారుగా నల్లటి అక్షరాలు తప్ప వేరే అలంకారం దాదాపు లేదు. ఆ రాత చెప్పేది ఒక సామెత: పనికి ముందే ఆలోచించుకుంటే పశ్చాత్తాపం తప్పుతుంది. వెనకాలే ఓ శుభాకాంక్ష. ఆ కాలంలో నిషాపూర్, సమర్‌ఖండ్ కుమ్మరులు ఇలాంటి సామెతల గిన్నెలు, పళ్ళేలు చాలానే చేశారు.

ఇంకా వింత ఉదాహరణ సిసిలీ రాజు రెండో రోజర్‌ది. ఆయన క్రైస్తవుడు. ఆయన కోసం పలెర్మోలో 1133–34లో తయారైన ఎర్ర పట్టు ఉత్తరీయం అంచు పొడవునా బంగారు దారంతో కుట్టిన అరబిక్ అక్షరాలున్నాయి. రాజుకు సకల శుభాలు కోరి, తయారైన ఊరి పేరూ, ఇస్లామిక్ క్యాలెండర్ లెక్కలో హిజ్రీ 528 అనే సంవత్సరమూ చెబుతాయవి. తర్వాతి కాలంలో పవిత్ర రోమన్ చక్రవర్తులు పట్టాభిషేకాలకు దాన్నే కప్పుకున్నారు. ఇప్పుడది వియన్నాలో ఉంది. ఒక క్రైస్తవ రాజుకు ఆ లిపి మతచిహ్నంగా కాక దర్జాకు గుర్తుగా కనిపించిందన్నమాట.

రాసేవాళ్ళ పేర్లు కూడా చూద్దాం. అందమైన రాతను ‘ఖత్’ అంటారు, ఆ కళాకారుడు ‘ఖత్తాత్’. ఫారసీ, ఉర్దూ లోకంలో ‘ఖుష్‌నవీస్’. జీతానికో కూలికో పుస్తకాలూ పత్రికలూ రాసేవాడు ‘కాతిబ్’. హైదరాబాద్ పాతబస్తీలో పెళ్ళి పత్రికలు, ఉర్దూ బోర్డులు రాసేవాళ్ళను ఇప్పటికీ ఈ మాటతోనే పిలుస్తారు.

చుక్కలు లేని అక్షరాలు

అరబిక్‌లో 28 అక్షరాలు. కుడి నుంచి ఎడమకు, ఒకదానికొకటి అతుక్కుంటూ నడుస్తాయి. మాట మొదట్లో, మధ్యలో, చివర్లో ఒకే అక్షరం వేర్వేరు రూపాల్లో ఉంటుంది. హ్రస్వ అచ్చులను సాధారణంగా రాయరు. పైగా చాలా అక్షరాలకు మూలరూపం ఒకటే. కింద ఒక చుక్క ఉంటే ‘బ’, పైన రెండుంటే ‘త’. మన ‘ద’కీ ‘ధ’కీ మధ్య చిన్న గీతే తేడా అయినట్టు. తెలుగులో ఒత్తు గీతలన్నీ ఎగరగొట్టి ఒక పేజీ రాస్తే ఎలా ఉంటుందో, తొలినాటి ఖురాన్ ప్రతులు దాదాపు అలా ఉంటాయి. చుక్కలు అరుదు, అచ్చు గుర్తులు లేవు. చదివేవాడికి పాఠం ముందే కంఠతా వచ్చి ఉండాలి. రాత జ్ఞాపకానికి ఆసరా మాత్రమే.

ఇస్లాం అరబ్బేతరులకు చేరేసరికి ఇది సమస్య అయింది. తప్పుగా పలికితే దైవవాక్కు అర్థమే మారిపోతుంది. రంగు చుక్కలతో అచ్చులు గుర్తించే పద్ధతి 688లో చనిపోయిన అబుల్ అస్వద్ అద్దువలీదని సంప్రదాయం చెబుతుంది. ఇప్పుడు వాడే గుర్తులకు మూలపురుషుడిగా 8వ శతాబ్దపు వ్యాకరణవేత్త ఖలీల్ ఇబ్న్ అహ్మద్‌ను చెబుతారు. రాతకు నియమం కావాలన్న పట్టుదల ముందు పుట్టింది కంటి కోసం కాదు, నాలుక కోసం.

ఆ తొలి రాత ఎలా ఉండేదో చూపే ఖురాన్ తోలు పుటలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 2015లో వార్తల్లోకొచ్చాయి. రేడియోకార్బన్ పరీక్షలో వాటి తోలు 568–645 మధ్యదని తేలింది. పరీక్ష చెప్పేది తోలు వయసే గానీ సిరా వయసు కాదు. అందుకే ఆ రాత సరిగ్గా ఎప్పటిదన్న వాదన ఆగలేదు. కుడివైపు ఒరిగిన ఆ తొలి శైలిని ‘హిజాజీ’ అంటారు. తర్వాత రెండు మూడు శతాబ్దాల పాటు ఖురాన్‌కు వాడిన బరువైన, కోణాల రాతకు ‘కూఫీ’ అని పేరు పడింది. పేరు ఇరాక్‌లోని కూఫా నగరం నుంచి వచ్చింది గానీ, ఆ రాత అక్కడే పుట్టిందనడానికి ఆధారాల్లేవు. ఫ్రెంచ్ పండితుడు ఫ్రాంస్వా దెరోష్ ఆ పేరు వదిలేసి ‘తొలి అబ్బాసీ లిపులు’ అని వర్గీకరించారు. మ్యూజియం చీటీల మీద మాత్రం కూఫీయే నడుస్తోంది. ఇక్కడా దాన్నే వాడతాను.

నాణెం మీంచి ఖలీఫా బొమ్మ ఎందుకు పోయింది?

రాత పుస్తకం దాటి బహిరంగ స్థలంలోకి వచ్చిన ఘట్టం ఉమయ్యద్ వంశపు ఖలీఫా (ముస్లిం రాజ్యాధినేత) ఒకరి కాలంలో జరిగింది. అబ్దుల్ మలిక్ కట్టించిన జెరూసలేం ‘డోమ్ ఆఫ్ ది రాక్’ 691–92 నాటిది. లోపలి అష్టభుజి తోరణాల రెండు ముఖాలా బంగారు మొజాయిక్ అక్షరాల పట్టీ నడుస్తుంది. మొత్తం పొడవు సుమారు 240 మీటర్లు. ఖురాన్ వాక్యాలే ఎక్కువ, వాటిలోనూ ఏసు దేవుడి కుమారుడు కాదు, ప్రవక్త అని చెప్పేవి ముఖ్యం. చుట్టూ క్రైస్తవ జనాభా ఉన్న నగరంలో అది స్పష్టమైన రాజకీయ, మత ప్రకటన.

ఆ పట్టీలోనే ఓ దొంగతనం కూడా ఉంది. ఉమయ్యద్‌ల తర్వాత వచ్చిన అబ్బాసీ వంశంలో 9వ శతాబ్దపు ఖలీఫా మామూన్ కాలంలో అబ్దుల్ మలిక్ పేరు తీసేసి మామూన్ పేరు అతికించారు. హిజ్రీ 72 అన్న సంవత్సరం మార్చడం మర్చిపోయారు. మామూన్ అప్పటికి పుట్టనే లేదు.

అదే అబ్దుల్ మలిక్ నాణేల కథ ఇంకా పనికొస్తుంది. మొదట ఆయన నాణేల మీద కత్తి పట్టుకుని నిలబడ్డ ఖలీఫా బొమ్మ ఉండేది. 696–97లో అది పోయింది, రెండువైపులా రాత మాత్రమే మిగిలింది. బైజాంటియన్ నాణెం మీద చక్రవర్తి, క్రీస్తు, పర్షియన్ నాణెం మీద రాజు కిరీటం, ఇక్కడ వాక్యం. చదువురాని రైతు కూడా చేతిలో పెట్టుకుని ఇది ఎవరి రాజ్యమో చెప్పగలడు. మతభావన, వేరే రాజ్యాల నుంచి తేడా చూపుకోవాలన్న అవసరం ఇక్కడ ఒక్కటయ్యాయి. ఏది ఎంత పాలు అన్నది ఇప్పటికీ తెగని ప్రశ్న.

ఒక మంత్రి, ఒక చుక్క, కొంత లెక్క

కూఫీ గంభీరమైనదే కానీ నిదానం. ప్రభుత్వ కచేరీల్లో గుమాస్తాలకు వేగంగా నడిచే గుండ్రటి రాత కావాలి. వాళ్ళ చేతిరాతను కళ స్థాయికి ఎత్తిన ఘనత బాగ్దాద్ మంత్రి ఇబ్న్ ముఖ్లాకు ఇస్తారు. ముగ్గురు ఖలీఫాల దగ్గర వజీరుగా చేశాడు. రాజకీయాల్లో ఓడిపోయాడు. శత్రువులు ఆయన కుడిచేయి నరికించారు, 940లో జైల్లో చనిపోయాడు. చెయ్యి పోయాక మోచేతికి కలం కట్టుకుని రాశాడని కథ ఉంది. ఆయన స్వయంగా రాసినదని నిస్సందేహంగా చెప్పగల కాగితం ఒక్కటీ మిగల్లేదు, పద్ధతే మిగిలింది.

ఆ పద్ధతికి కొలత చుక్క. రెల్లు కలం మొన వెడల్పుగా, ఏటవాలుగా కోసి ఉంటుంది. కాగితం మీద ఆన్చి కొద్దిగా లాగితే వజ్రం ఆకారంలో చుక్క పడుతుంది. దాన్నే ‘నుక్తా’ అంటారు. నిలువు గీత లాంటి మొదటి అక్షరం ‘అలిఫ్’ ఎత్తును ఈ చుక్కలతో కొలుస్తారు. అలిఫ్‌ను వ్యాసంగా తీసుకుని వృత్తం గీస్తే, మిగతా అక్షరాల వంపులు ఆ వృత్తంలోంచి వస్తాయి. ఎన్ని చుక్కలన్నది శైలిని బట్టి, గురు పరంపరను బట్టి మారుతుంది. ‘నస్ఖ్’ అనే చిన్న పుస్తక రాతకు ఐదు, శాసనాలకు వాడే ‘సులుస్’కు ఏడు అని చాలామంది నేర్పుతారు.

లెక్క వేసి చూద్దాం. కలం మొన 3 మిల్లీమీటర్లు. చుక్క సరిగ్గా చతురస్రం అనుకుంటే దాని మూల నుంచి మూలకు దూరం 3 × 1.41, అంటే 4.2 మి.మీ. పైచిలుకు. ఏడు చుక్కలు మూలలు తాకేలా ఒకదాని మీద ఒకటి పేరిస్తే అలిఫ్ ఎత్తు దాదాపు 30 మి.మీ. ఇప్పుడు 1 సెంటీమీటరు మొన తీసుకుంటే అదే అలిఫ్ దాదాపు 10 సెంటీమీటర్లకు పెరుగుతుంది. అక్షరం అయిదు వేళ్ళ పొడవున్నా, గోడంత ఉన్నా నిష్పత్తి మారదు. బాగ్దాద్‌లో నేర్చుకున్నవాడి అలిఫ్, కైరోలో నేర్చుకున్నవాడి అలిఫ్ ఒకేలా ఉండటం దీనివల్లే సాధ్యమైంది. లెక్క తెలిస్తే కళాకారుడు కాడనుకోండి. స్కేలు పెట్టి కొలిస్తే ఉస్తాదుల రాతలోనే నియమం అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది.

ఆ దారిలో తర్వాతి పెద్ద పేరు ఇబ్న్ అల్ బవ్వాబ్. బవ్వాబ్ అంటే వాకిలి కాపలాదారు. ఆయన తండ్రి పని అది. ఆయన 1000–1001లో రాసిన చిన్న ఖురాన్ డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. గుండ్రటి నస్ఖ్‌లో, కాగితం మీద, హాయిగా చదువుకునేలా ఉంటుంది. 1298లో చనిపోయిన యాకూత్ అల్ ముస్తాసిమీ కలం మొనను మరింత ఏటవాలుగా కోసి గీతలకు సన్నందనం తెచ్చాడు. సులుస్, నస్ఖ్, ముహఖ్ఖఖ్, రైహానీ, తౌఖీ, రిఖా అనే ‘ఆరు కలాలు’ ఆయన పేరుతోనే స్థిరపడ్డాయి. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను తగలబెడుతుంటే ఓ మినార్ ఎక్కి కూర్చుని, కాగితం లేక బట్ట మీద సాధన చేశాడని కథ. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ యాకూత్ రాసినదిగా చెప్పే ఖురాన్ ఉంది. ఆయన పేరుకున్న గిరాకీ వల్ల తర్వాతివాళ్ళు తమ ప్రతుల మీద ఆయన సంతకం పెట్టిన సందర్భాలు లోకమంతా ఉన్నాయి. అందుకే పండితులు ‘యాకూత్’ అన్న పేరు కనిపిస్తే రెండోసారి చూస్తారు.

గుండ్రటి రాత గెలవడానికి కారణం మతమా, కాగితమా?

10, 11 శతాబ్దాల్లో ఖురాన్ రాత కూఫీ నుంచి గుండ్రటి శైలికి మారడం చిన్న విషయమేమీ కాదు. ఎందుకు మారిందన్న దాని మీద కళాచరిత్రకారుల్లో గట్టి వాదనే ఉంది. అబ్బాసీ ఖలీఫాలూ, వాళ్ళ సున్నీ మద్దతుదారులూ అందరికీ స్పష్టంగా చదవగలిగే ఏకరూప పాఠం కావాలనుకున్నారనీ, కైరో నుంచి ఏలిన షియా ఫాతిమీ వంశానికి పోటీగా ఈ రాతను నిలబెట్టారనీ యాసిర్ తబ్బా వాదించారు. జోనథన్ బ్లూమ్ కాగితం వైపు చూపించారు. తోలు ఖరీదు, కాగితం చవక. 8వ శతాబ్దం చివరికే బాగ్దాద్‌లో కాగితం తయారవుతోంది. పుస్తకాలు పెరిగాయి, గుమాస్తాల రాత పుస్తకాల్లోకి వచ్చింది, చివరికి ఖురాన్‌లోకీ వచ్చింది.

నాకు రెండోదే బరువుగా తోస్తుంది. ఇబ్న్ అల్ బవ్వాబ్ షిరాజ్‌లో ఏ రాజు గ్రంథాలయంలో పనిచేశాడో ఆ బువైహిద్ వంశంవాళ్ళు షియాలు. సున్నీ రాజకీయం ఒక్కటే కారణమైతే ఇది సర్దుకోవడం కష్టం. అయితే కాగితం ఒక్కటే కారణమైతే గోడల మీది శాసనాలు కూడా తర్వాతి కాలంలో గుండ్రంగా ఎందుకు మారాయన్న ప్రశ్న మిగులుతుంది. రాయి కాగితం కాదు కదా. తబ్బా వాదన అక్కడ బలంగా ఉంటుంది.

రెల్లు, మసి, గుడ్డు తెల్లసొన

ఈ కళలో వస్తువులకు ఎంత పని ఉందో చెప్పకపోతే మిగతాది గాల్లో ఉన్నట్టే. సిరా దీపపు మసి, తుమ్మ జాతి చెట్టు జిగురు కలిపి గంటల తరబడి నూరితే వస్తుంది. సిరాబుడ్డిలో పట్టుదారపు ఉండ వేస్తారు. కలం దానికి తాకుతుంది, సిరా ఎక్కువా రాదు, మొన బుడ్డి అడుక్కి తగిలి విరగదు. కాగితానికి గుడ్డు తెల్లసొన, పటిక కలిపిన పూత వేసి, ఆరాక నున్నటి రాయితో రుద్ది మెరుగు పెడతారు. పూత వల్ల సిరా లోపలికి ఇంకదు, పైనే ఉంటుంది. తప్పు పడితే తడి చేసి తుడిచేయొచ్చు, లేదా కత్తి మొనతో గీకేయొచ్చు. ఎక్కడా తడబాటు లేదనిపించే రాత వెనక ఈ సదుపాయం ఉంది.

మరి గుమ్మటం కింద మీటర్ల వెడల్పున కనిపించే అక్షరాలు ఏ కలంతో రాశారు? ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియాలో వేలాడే ఎనిమిది గుండ్రటి పలకలు ఒక్కొక్కటి సుమారు 7.5 మీటర్ల అడ్డకొలత. 19వ శతాబ్దం మధ్యలో జరిగిన మరమ్మతుల కాలంలో కజాస్కర్ ముస్తఫా ఇజ్జత్ ఎఫెందీ రాసినవి. ఒట్టోమన్ ఖత్తాత్‌లు ముందు చేతికి లొంగే సైజులో రాసి, గళ్ళు గీసి పెద్దది చేసేవాళ్ళు. కొన్నిసార్లు నల్ల కాగితం మీద పసుపు సిరాతో రాసేవాళ్ళు. పెద్ద నమూనాలో అక్షరం అంచుల వెంబడి సూదితో రంధ్రాలు పొడిచి, గోడకో పలకకో ఆన్చి పొడి చల్లుతారు. చుక్కల గీత పడుతుంది, దాన్ని పట్టుకుని మరో పనివాడు బంగారం పూస్తాడు, లేదా శిల్పి చెక్కుతాడు. గోడ మీది క్యాలిగ్రఫీ ఎప్పుడూ కనీసం ఇద్దరి పని. పేరు మాత్రం ఒక్కరిదే మిగులుతుంది.

బొమ్మల నిషేధం: ఎంత నిజం?

ఖురాన్‌లో విగ్రహారాధన మీద నిషేధం ఉంది. బొమ్మ గీయకూడదని నేరుగా చెప్పే వాక్యం లేదు. ప్రాణుల బొమ్మలు గీసేవాళ్ళను తప్పుపట్టే మాటలు హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల సంకలనాల్లో) ఉన్నాయి. వాటిని ఎంత దూరం లాగాలన్న దాని మీద ధర్మవేత్తల మధ్య ఏకాభిప్రాయం ఎప్పుడూ లేదు. ఆచరణ చూస్తే: మసీదులో, ఖురాన్ ప్రతిలో ప్రాణుల బొమ్మ ఉండదు. ఈ నియమం దాదాపు ఎక్కడా తప్పలేదు. రాజమందిరంలో, కథల పుస్తకంలో మాత్రం బొమ్మలు దండిగా ఉన్నాయి. జోర్డాన్ ఎడారిలోని ఉమయ్యద్ స్నానశాల ఖుసైర్ అమ్రా గోడల నిండా వేట, స్నానం దృశ్యాలే. ఇరాన్, మొఘల్, దక్కన్ లఘుచిత్రాలు చెప్పనక్కర్లేదు.

అంటే మసీదులో రాత ఎందుకు ముందుకొచ్చిందో నిషేధం కొంత చెబుతుంది. కానీ బొమ్మలు వేయగల చోట, ఓ గిన్నె మీదో కత్తి పిడి మీదో రాతనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పదు. దానికి వేరే కారణాలున్నాయి. ముహమ్మద్ ప్రవక్తకు మొదట అవతరించాయని ముస్లింలు నమ్మే వాక్యాలు (96వ అధ్యాయం) ‘చదువు’ అంటూ మొదలై, దేవుడు కలం ద్వారా నేర్పాడని చెబుతాయి. 68వ అధ్యాయం పేరే ‘కలం’. దేవుడి మాట రాయడమే పుణ్యకార్యం. ఒట్టోమన్ ఖత్తాత్‌లలో కొందరు జీవితమంతా చెక్కిన కలాల పొట్టు దాచి, తాము పోయాక స్నానపు నీళ్ళు దానితో కాచమనేవాళ్ళని చెబుతారు. దీనికి తోడు కచేరీ ఉద్యోగం, రాజాదరణ. రాత బాగుంటే మంత్రి కావచ్చన్న సమాజంలో చిత్రకారుడి కన్నా రాతగాడి హోదా ఎక్కువ కావడంలో ఆశ్చర్యం లేదు.

చదవడానికా, చూడడానికా?

తాజ్ మహల్ ముందు నిలబడే వేలమందిలో ద్వారం చుట్టూ ఉన్న నల్లరాతి అక్షరాలు చదివేవాళ్ళు ఎంతమంది? ఎప్పుడైనా ఎక్కువమంది చదివారా? ఈ ప్రశ్నను కళాచరిత్రకారుడు రిచర్డ్ ఎటింగ్‌హౌసెన్ 1974లో గట్టిగా లేవనెత్తారు. గోడ మీది శాసనాల్లో చాలావాటిని చదవడం పండితులకే కష్టం: అక్షరాల మీద అక్షరాలు, తీగల్లో కలిసిపోయిన కొసలు, తల నొప్పెట్టే ఎత్తు. కాబట్టి అవి సమాచారం కన్నా విశ్వాస ప్రకటనగానే ఎక్కువ పనిచేశాయని ఆయన సూచించారు.

ఎదురు వాదన కూడా బలమైనదే. ఖురాన్ చాలావరకు కంఠతా వచ్చినవాడికి రెండు మాటలు గుర్తుపడితే చాలు, మిగతా వాక్యం లోపలి నుంచే వస్తుంది. పైగా ఏ వాక్యం ఎక్కడ పెట్టారన్నది చాలా చోట్ల తెలిసి చేసిన ఎంపిక. మామ్లూక్ సుల్తానుల కాలపు ఈజిప్టు, సిరియా మసీదు దీపాలు చూడండి. గాజు మీద ఎనామిల్‌తో తరచుగా 24వ అధ్యాయంలోని ‘జ్యోతి’ వాక్యం ఉంటుంది. దేవుడు భూమ్యాకాశాలకు వెలుగు, ఆ వెలుగు గూట్లో గాజులో పెట్టిన దీపం లాంటిదని దాని భావం. దీపం వెలిగిస్తే ఆ వాక్యమే వెలుగుతుంది. దాని కిందనే దాత పేరు, బిరుదులు. పుణ్యంతో పాటు ప్రచారం కూడా.

తాజ్ శాసనాలు రాసినవాడు షిరాజ్ నుంచి వచ్చిన అబ్దుల్ హఖ్, అమానత్ ఖాన్ అన్నది ఆయనకు దక్కిన బిరుదు. అంత పెద్ద కట్టడంలో పేరు చెక్కించుకునే అవకాశం ఆయనకే దక్కింది. కింద నిలబడ్డవాడికి అక్షరాలు సమానంగా కనిపించాలని పైకి వెళ్ళేకొద్దీ సైజు పెంచాడు. ప్రధాన ద్వారం మీది అధ్యాయం నా స్వర్గంలోకి ప్రవేశించు అన్న పిలుపుతో ముగుస్తుంది. ఇలాంటివన్నీ కలిపి చదివి, తాజ్ మొత్తం తీర్పుదినపు స్వర్గానికి నమూనా అని వేన్ బెగ్లీ 1979లో ప్రతిపాదించారు. అంత దూరం వెళ్ళడానికి చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. సమాధి మీద స్వర్గం గురించిన వాక్యాలు మామూలేనని వాళ్ళు గుర్తుచేస్తారు.

ఇరాన్ వాలు రాత దక్కన్‌కు వచ్చాక

14వ శతాబ్దం చివరి భాగంలో ఇరాన్‌లో ‘నస్తాలీఖ్’ రూపు కట్టింది. దీనికి మీర్ అలీ తబ్రీజీ పేరు చెబుతారు. కలలో ఎగిరే బాతుల రెక్కలు చూసి ఆ వంపులు పట్టుకున్నాడట. మాట పైన కుడివైపు మొదలై ఎడమకు వాలుతూ దిగుతుంది. నిలువు గీతలు పొట్టి, అడ్డ గీతలు పొడవు, కలం పూర్తి వెడల్పుతో మొదలై సన్నబడతాయి. ఖురాన్‌కు దీన్ని పెద్దగా వాడలేదు. ఇది కవిత్వపు రాత. మొఘల్, దక్కన్ దర్బారుల ఫారసీకి, తర్వాత ఉర్దూకి ఇదే ఇల్లయింది.

దక్కన్ సుల్తానులకు ఇరాన్‌తో సముద్రమార్గాన గట్టి సంబంధాలుండేవి. బీదర్‌లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా ముఖభాగం మీద ఇప్పటికీ మిగిలిన పింగాణీ పలకల అక్షరాలు చూస్తే ఇరాన్ నగరమేదో గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1590లలో కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో పీర్ల ఆకారంలో పలకల మీద రాత ఉంటుంది. పసుపు, నీలం, ఆకుపచ్చ. 1908 మూసీ వరదలో కింది భాగం పలకలు దెబ్బతిన్నాయి. ఆ చోట్ల తర్వాత రంగులతో గీసి నింపారు. గోల్కొండ పక్కన కుతుబ్ షాహీ సమాధుల్లోని నల్లరాతి గోరీల మీద లోతుగా తవ్విన నస్ఖ్, సులుస్, నస్తాలీఖ్ పక్కపక్కనే కనిపిస్తాయి. షియా దర్బార్లు కాబట్టి ప్రవక్త అల్లుడు అలీని పిలిచే ‘నాదే అలీ’ ప్రార్థన దక్కన్‌లో ఎక్కువ. ఆ ప్రార్థన అక్షరాలనే మెలితిప్పి సింహంగా మలిచిన చిత్రాలున్నాయి. అలీకి ‘దేవుడి సింహం’ అని బిరుదు. బొమ్మా రాతా వేరుకావడం ఇస్లామిక్ కళ నియమమని చెప్పేవాళ్ళు ఆ సింహం ముందు కాసేపు ఆగాలి.

బీజాపూర్‌లో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా తన పాటల పుస్తకాన్ని 1618లో ఇరాన్ నుంచి వచ్చిన ఖలీలుల్లాతో రాయించి, ఆయనకు ‘కలం చక్రవర్తి’ అన్న బిరుదిచ్చాడు. దక్కనీ భాషలోని ఆ పాటల్లో సుల్తాన్ సరస్వతిని తల్లి అని, గణపతిని తండ్రి అని పిలుస్తాడు. సరస్వతి స్తుతి నస్తాలీఖ్‌లో. లాహోర్ బజారు గుంపు తర్కానికి ఇది ఏ వైపునుంచీ అందదు.

అచ్చుయంత్రం, 1928, కంప్యూటర్

అతుక్కునే, రూపం మార్చుకునే అక్షరాలను సీసపు అచ్చుల్లో పోయడం కష్టం. నస్ఖ్ ఎలాగో లొంగింది. వాలుగా దిగే నస్తాలీఖ్ లొంగలేదు. అందుకే ఉపఖండంలో ఉర్దూ పుస్తకాలూ పత్రికలూ 20వ శతాబ్దంలో చాలాకాలం కాతిబ్ చేతిరాతను రాతిమీదో ప్లేటుమీదో ఎక్కించి అచ్చేసినవే. యాంత్రిక యుగం ఇక్కడ రాతగాళ్ళ ఉపాధిని తీసేయకపోగా పెంచింది. చెన్నైలో 1927లో మొదలైన ‘ది ముసల్మాన్’ పత్రిక చేతిరాత వదలని మొండితనంతోనే పేరు తెచ్చుకుంది. అసలు దెబ్బ కంప్యూటర్‌తో వచ్చింది. మీర్జా అహ్మద్ జమీల్ వేల కొద్దీ అక్షర గుంపులను చేత్తో రాసి రూపొందించిన నూరీ నస్తాలీఖ్ ఫాంటును 1981లో పాకిస్తాన్ ‘జంగ్’ పత్రిక వాడడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే కాతిబ్‌ల గదులు ఖాళీ అయ్యాయి. తమాషా ఏమిటంటే ఆ ఫాంటు కూడా ఒక ఖుష్‌నవీస్ చేతిరాతే.

తుర్కీలో కథ రాజకీయం. 1928లో లాటిన్ లిపి రావడంతో శతాబ్దాల ఒట్టోమన్ పరంపరకు ఒక్కసారిగా పని పోయింది. హామిద్ అయ్‌తాచ్ లాంటి ఉస్తాదు లేబుళ్ళు, కార్డులు అచ్చేస్తూ నెట్టుకొచ్చి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన శిష్యులకు నేర్పాడు. 1982లో చనిపోయాడు. 1986లో ఇస్తాంబుల్‌లో మొదలైన అంతర్జాతీయ క్యాలిగ్రఫీ పోటీల్లో మొదటిదాన్ని ఆయన పేరుతోనే పెట్టారు.

అరబిక్ కళా, ఇస్లామిక్ కళా?

2021 డిసెంబరులో యునెస్కో ఒకే సమావేశంలో మూడు నిర్ణయాలు తీసుకుంది. సౌదీ అరేబియా, ఈజిప్టు, ఇరాక్, మొరాకో సహా 16 దేశాలు కలిసి పంపిన ‘అరబిక్ క్యాలిగ్రఫీ’ వారసత్వ జాబితాలో చేరింది. తుర్కీ విడిగా పంపిన ‘హుస్న్-ఎ-ఖత్’ కూడా చేరింది. దాని శీర్షికలో ఉన్నది ‘ఇస్లామిక్ కళలో సంప్రదాయ క్యాలిగ్రఫీ’. ఇరాన్ తన జాతీయ పరిరక్షణ కార్యక్రమాన్ని మరో పట్టికలో నమోదు చేయించుకుంది.

పేర్లు యాదృచ్ఛికం కాదు. అరబ్ దేశాలకు ఇది తమ భాష, అక్కడి క్రైస్తవులకూ చెందిన లిపి. కాబట్టి ‘అరబిక్’. అరబ్బులు కాని తుర్కులకు తమ వాటా చూపుకోవాలంటే ‘ఇస్లామిక్’ అనే మాటే దారి. ఇరానీయులు నస్తాలీఖ్ తమదంటారు, అది నిజమే. ఏ పేరు పెట్టినా ఎవరో ఒకరు బయట మిగులుతారు: ‘అరబిక్’ అంటే షిరాజ్ అమానత్ ఖాన్, ‘ఇస్లామిక్’ అంటే నిషాపూర్ గిన్నె సామెత, రోజర్ ఉత్తరీయం. ఉర్దూ పేరుతో కోట్లమంది రోజూ ఈ లిపిని చదివే భారత్, పాకిస్తాన్ ఆ మూడింటిలో దేనిలోనూ లేవు.